దీపాలు పెట్టిన టైటిల్

ఉద్యమం రోజుల్లో జనగామలో ఫ్లెక్సీ లేకుండా ఏ పనీ మొదలయ్యేది కాదు. రోడ్డు మీద వంటావార్పు అయినా, బంద్ అయినా, రిలే దీక్ష అయినా ముందు ఫ్లెక్సీ, ఆ తర్వాతే టెంటు. పైన పెద్ద నాయకుడు, మధ్యలో ఊరి నాయకుడు, కింద వరసగా బఠాణీ గింజల్లా చిన్న నాయకులు. స్టేషన్ రోడ్డులోని ఒక షాపులో ఆ మొహాలన్నీ కత్తిరించి అతికించే పని నాది.

"అక్కా, నాది కింద పెట్టినా సరే గని మొకం మంచిగ కనవడాలె" అని ఒకడు నా కుర్చీ వెనక నిలబడేవాడు. వాడు పోగానే ఇంకొకడు వచ్చి, "వాని మొకం నా దానికన్న పెద్దగున్నదేంది?" అని కొట్లాటకు దిగేవాడు. తెలంగాణ రావాలని అందరికీ ఉంది, అందులో అబద్ధం లేదు. అది వచ్చేటప్పుడు పక్కన తన ఫొటో ఉండాలని కూడా ఉంది. నాకు ఒళ్లు మండేది.

షాపు యజమానిని అందరూ భాయ్ అనేవాళ్లు. ఒకప్పుడు కుంచె పట్టి గోడల మీద, లారీల మీద అక్షరాలు రాసిన మనిషి. ఫ్లెక్సీ మిషన్ వచ్చాక కుంచెలన్నీ కట్ట కట్టి అటకెక్కించాడు. నా కోపం చూసి నవ్వేవాడు. "లడాయి పెట్టుకోకు బేటీ. వాన్ని జర పెద్దగ చెయ్యి, వీన్ని జర తెల్లగ చెయ్యి. ఇద్దరు ఖుష్" అనేవాడు.

నాకు అప్పటికి ముప్పై దాటాయి. మాది నెల్లికుదురు దగ్గర పల్లె. నాయిన పోయాక పొలం కౌలుకిచ్చి, అమ్మ తమ్ముడి దగ్గరికి భూపాలపల్లి వెళ్లిపోయింది. వాడికి బొగ్గుబాయిలో పని. డీటీపీ నేర్చుకున్న నేను పని దొరికిన జనగామలో ఒక గది తీసుకొని ఉండిపోయాను. పెళ్లెందుకు కాలేదన్నది పెద్ద కథేమీ కాదు, కాలేదంతే. గదిలో ఒక స్టవ్వు, ఒక మంచం, ఒక కిటికీ. కిటికీలోంచి రైలు పట్టాలు. పొద్దంతా అన్ని మొహాల మధ్య ఉండి గదికి వస్తే నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి లేదు. ఇంటామె కూడా నన్ను "కంప్యూటర్ పిల్ల" అనేది.

అలాంటి రోజుల్లో నాకు ఒక తెలుగు ఫోరం దొరికింది. ఇంటర్నెట్టులో కథలూ కబుర్లూ ఇష్టమైనవాళ్లు చేరి రాసుకునే చోటు అది. అందరివీ మారుపేర్లే, ఎవరి మొహమూ కనబడదు. నాకు ముందు ఆ సంగతే నచ్చింది. ఎవరైనా ఏదైనా రాస్తే, దాని పైన ఒక బొమ్మ టైటిల్ పెట్టుకోవడం అక్కడి ఆనవాయితీ. సినిమా పోస్టరు మీద పేరులాగా రంగుల అక్షరాలు, పక్కన ఒక పువ్వో పిట్టో. రాయడం నాకు చేతకాదు. కాబట్టి రాసేవాళ్లకు టైటిళ్లు చేసి ఇచ్చేదాన్ని.

అది అనుకున్నంత తేలిక కాదు. మా షాపులో ఉన్న ఫోటోషాప్‌లో మామూలుగా తెలుగు కొడితే వత్తులు విడిపోయి, అక్షరాలు జాతరలో తప్పిపోయిన పిల్లల్లా తలా ఒక దిక్కు పోయేవి. అందుకని డీటీపీ వాళ్ల పాత ఫాంట్లలో కొట్టి, దాన్ని బొమ్మగా మార్చి, ఒక్కో అక్షరాన్ని విడిగా లాగి, వంచి, కొమ్ములు సాగదీసేదాన్ని. తలకట్టు మీద ఎండ పడినట్టు కొంచెం బంగారు రంగు, కింద సన్నని నీడ. ఫ్లెక్సీ మీది అక్షరం పోతున్న బస్సులోంచి కూడా చదివేలా అరవాలి. టైటిల్ అక్షరం అలా కాదు, పక్కన కూర్చుని మాట్లాడాలి. ఆ తేడా భాయ్‌కి తెలుసు. మధ్యాహ్నం కరెంటు పోయి, ఇన్వర్టర్ మీద నా ఒక్క కంప్యూటరే నడుస్తున్నప్పుడు వెనక నిలబడి చూసేవాడు. "గా కొమ్ము జర ఎక్కువైంది, తగ్గియ్" అనేవాడు. తగ్గిస్తే నిజంగానే బాగుండేది.

ఫోరంలో మాస్టారు అని ఒక పెద్దాయన ఉండేవారు. గోదావరి లంకల్లో బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. రోజూ పడవలో రేవు దాటి బడికి పోయిన రోజుల గురించి వారం వారం రాసేవారు. ఆయన రాతల పైన ఉత్త నల్లక్షరాలే ఉండేవి. నాకు మనసొప్పక, ఎవరూ అడగకుండానే ఒక టైటిల్ చేసి పెట్టాను. ఒక అక్షరం దీర్ఘాన్ని పొడుగ్గా లాగి తెడ్డులా నీళ్లలోకి దించాను. మాస్టారు వెంటనే రాశారు, "ఎవరమ్మా నువ్వు? నా ముతక పంచెకు జరీ అంచు వేశావే!" అని. ఆ ముక్కను ఆ రోజంతా చదువుకుంటూనే ఉన్నాను. అప్పటి నుంచి వారం వారం రాత ముందుగా నాకు పంపేవారు, పైన టైటిల్ నాదే.

ఒకసారి అక్షరాల వెనక గోదావరి ఫొటో కావలసి వచ్చింది. అమ్మతో కాళేశ్వరం పోయినప్పుడు ఫోనులో తీసిన ఫొటో వాడాను. మాస్టారు ఇట్టే పట్టేశారు. "ఇది మా గోదావరి కాదే! ఒడ్డు వేరుగా ఉంది. ఏ ఊరమ్మా మీది?"

ఫోరంలో నేను ఊరు చెప్పలేదు. రాతలో యాస వినబడదు కదా, పుస్తకాల తెలుగు రాస్తూ నెట్టుకొచ్చాను. తెర మీద మా యాస వినబడగానే సినిమాహాల్లో జనం నవ్వడం చిన్నప్పటి నుంచి చూసినదాన్ని, ఆ నవ్వు మళ్లీ ఇక్కడ వినదలచుకోలేదు. కానీ మాస్టారికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "మీకన్నా పైనండీ. మేము చూసి పంపించాకే మీ దగ్గరికి వస్తుంది" అని రాశాను. "అయితే ఇన్నాళ్లూ మేం తాగింది మీ ఎంగిలన్నమాట" అని ఆయన పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టారు. ఆ రోజు నుంచి ఏ మాట రాసినా చివర "అన్నం తిన్నావా?" అని ఉండేది. నన్ను ఆ మాట అడిగేది ఇద్దరే, ఫోనులో అమ్మ, ఫోరంలో మాస్టారు.

రాష్ట్రం గొడవ ముదిరేకొద్దీ ఫోరం కూడా రెండుగా చీలింది. వంకాయ కూర దగ్గర మొదలైన మాట నీళ్ల మీదికి, ఉద్యోగాల మీదికి పోయి తిట్లతో ముగిసేది. మాస్టారు ఆ గొడవల్లోకి రాలేదు, నేనూ పోలేదు. ఆయన నన్నేమీ అడగలేదు, నేను చెప్పలేదు. పొద్దున దీక్షా శిబిరం ఫ్లెక్సీ, మధ్యాహ్నం లంక పడవ. నాకు రెండూ కావాలి, ఏ ఒక్కటీ అబద్ధం కాదు.

ఆ రోజుల్లోనే చనిపోయిన పిల్లల ఫ్లెక్సీలు రావడం మొదలైంది. రాష్ట్రం ఇక రాదేమోనని ప్రాణం తీసుకున్న పిల్లలు. ఒకసారి నర్మెట్ట వైపు నుంచి, ఒకసారి జఫర్‌గఢ్ వైపు నుంచి స్నేహితులు ఫొటో పట్టుకొని వచ్చేవాళ్లు. విడిగా దిగిన ఫొటో చాలామందికి ఉండేది కాదు. ఎవరి పెళ్లిలోనో గుంపుగా దిగినది తెచ్చి, "గీడున్నడు అక్కా, గీ నీలం అంగి" అని వేలు పెట్టి చూపించేవాళ్లు. ఆ నీలం అంగీని నేను గుంపులోంచి వేరు చేయాలి. ఒక పిల్లవాడి భుజం మీద పక్కవాడి చెయ్యి ఉంది. ఆ చెయ్యి చెరిపేసి, ఆ చోటును అంగీ రంగుతో పూడ్చాను. చెయ్యి వేసినవాడు నా వెనకే నిలబడి చూస్తున్నాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఈ ఫ్లెక్సీలకు మొహం పెద్దదా చిన్నదా అని ఎవరూ కొట్లాడలేదు. వీటి కోసం భాయ్ ఒక డిజైను కుదిర్చి పెట్టమన్నాడు. వెనక లేత నీలం ఆకాశం, పైన మల్లెల దండ, అటొక దీపం, ఇటొక దీపం, మధ్యలో ఫొటో, కింద జోహార్లు. "ఎక్కువ రంగులు పెట్టకు బేటీ. నిమ్మళంగ ఉండాలె" అన్నాడు. చూస్తే నిజంగానే నిమ్మళంగా ఉండేది. వచ్చినవాళ్లు దాని ముందు గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు.

అలా చేస్తూ చేస్తూ ఉండగా, ఫోరంలో కొందరు మాస్టారి పుట్టినరోజు వస్తోందని, ఆయనకు తెలియకుండా ఒక మంచి టైటిల్ చేయమని నన్ను అడిగారు. ఎక్కడి నుంచో ఆయన ఫొటో సంపాదించి పంపారు. మాస్టారి మొహం చూడటం అదే మొదటిసారి. నిండుగా, దర్జాగా ఉంటారని అనుకున్నాను. కాదు, బక్క మనిషి. తెల్ల చొక్కా, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు ఒక చూపు. చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

పుట్టినరోజు ఫ్లెక్సీ అంటే మా షాపులో ఎరుపు, పసుపు, పేలుతున్న చుక్కలు, వెనక ఒక సింహం. మాస్టారికి సింహమా! నెమ్మదిగా, మర్యాదగా ఉండాలనుకున్నాను. చెయ్యి దానంతట అదే పోయింది. లేత నీలం ఆకాశం పరిచాను, పైన మల్లెలు వేలాడదీశాను, రెండు వైపులా దీపాలు పెట్టాను, మధ్యలో ఆయనను కూర్చోబెట్టాను. కింద బంగారు అక్షరాలతో "మా మాస్టారు" అని రాశాను. ఇంతకన్నా బాగా ఎప్పుడూ కుదరలేదని మురిసిపోయాను కూడా. ఆ ఏడాది నా చేతికి తెలిసిన నెమ్మదైన డిజైను అదొక్కటే. అది చనిపోయినవాళ్లదని నాకు తట్టనే లేదు. భాయ్ ఆ పూట షాపులో లేడు, ఉంటే ఒక్క చూపుకే నన్ను ఆపేవాడు.

పుట్టినరోజు పొద్దున, శుభాకాంక్షలు అడిగినవాళ్లు కింద రాస్తారు కదా అని, ఉత్త బొమ్మనే ఫోరంలో పెట్టాను. అంతలో అమ్మకు జ్వరమని తమ్ముడు ఫోను చేస్తే భూపాలపల్లి బయలుదేరాను. హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా చేరేసరికి పొద్దుగూకింది. మర్నాడు బంద్. అమ్మను దవాఖానకు తీసుకుపోవడానికి ఆటో దొరకడమే గగనమైంది. జ్వరం కాస్త తగ్గాక, మాస్టారు ఏమన్నారో చూద్దామని ఆశగా నెట్ సెంటరుకు పోయాను.

టైటిల్ కింద మొదటి మనిషి రాసిన మాట, "అయ్యో, ఎప్పుడు? ఆయన ఆత్మకు శాంతి కలగాలి." రెండో మనిషి కన్నీటి బొమ్మలు పెట్టాడు. ఒకావిడ ఆయన మంచితనం గురించి పేజీడు రాసి, చివరి చూపు దక్కలేదని బాధపడింది. వాటన్నిటి కింద మాస్టారు స్వయంగా వచ్చి, "నేను బతికే ఉన్నానండీ" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయారు. అప్పుడు చూశాను నేను చేసిన బొమ్మను. అవే మల్లెలు, అవే దీపాలు. నెట్ సెంటరులో పక్కవాళ్లకు కనబడకుండా తెరకు అడ్డంగా జరిగాను.

ఆ తర్వాతదంతా మంటే. బతికున్న పెద్దమనిషికి దండ వేసి దీపాలు పెడతారా అని ఒకరు. ఇంకెవరో నా పాత కాళేశ్వరం ఫొటోను తవ్వి తీశారు. ఇది ఆ ప్రాంతం మనిషి, కావాలనే చేసింది, మనం చావాలని వాళ్ల కోరిక అని రాశారు. మా వైపు వాళ్లు ఇంకా ఘోరం. "భలే పెట్టినవ్ అక్కా దీపం" అని నన్ను మెచ్చుకున్నారు. తిట్లను ఎలాగో మింగాను గానీ, ఆ మెప్పును మింగలేకపోయాను. జవాబు రాయబోతే ఫోరం రాయనివ్వలేదు. నిర్వాహకులు నన్ను ఆపేశారు. చదవచ్చు, నోరు తెరవకూడదు. మాస్టారి ఫోను నంబరు నా దగ్గర లేదు, ఊరు పేరూ తెలియదు. ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు. నేను కావాలనే చేశానన్న మాట ఆయన నమ్మారా లేదా అన్నదొక్కటే నన్ను తినేసింది.

ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే అమ్మ చూసింది. "ఏమైంది బిడ్డా? ఎవరన్న ఏమన్న అన్నరా?" అంది. అంతా చెప్పాను.

"ఎవరే గా ముసలాయిన? నీకేమైతడు?"

"ఏం కాడు."

"ఏం కానోని కోసం గింతగనం ఏడుస్తరా?" అంది. అన్నదే గానీ, జ్వరం ఒంటితోనే నన్ను దగ్గరికి తీసుకుంది. అమ్మకు చెప్పడానికి నా దగ్గర వరస లేదు. మేనమామ కాదు, బాబాయి కాదు. అన్నం తిన్నావా అని అడిగే మనిషి, అంతే.

జనగామ వచ్చాక భాయ్‌కి ఆ బొమ్మ చూపించాను. ఆయన తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "యా అల్లా! జిందా మనిషికి గిట్ల చేసినవేంది బేటీ" అన్నాడు. టోపీ మళ్లీ పెట్టుకుంటూ, "నీ చెయ్యికి పరేషాన్ ఎక్కువైంది. నేనే చూసుకోవాల్సి ఉండె" అన్నాడు. ఆ మాటకు మళ్లీ ఏడుపొచ్చింది.

అప్పుడు నాకొక సంగతి గుర్తొచ్చింది. ఫోరంలో బొమ్మలు దాచుకునే వీలుండేది కాదు. టైటిళ్లన్నీ వేరే ఒక ఉచిత సైటులో నా ఖాతాలో పెట్టి, అక్కడి నుంచి ఫోరంలో కనబడేలా చేసేదాన్ని. పాత బొమ్మ పేరుతోనే కొత్త బొమ్మ పెడితే, ఫోరంలో పాతది పోయి కొత్తది వచ్చేస్తుంది. ఫోరం నా నోరు మూసింది గానీ, మాస్టారి ప్రతి రాత మీదా ఉన్న బొమ్మ ఇంకా నా చేతిలోంచే పోతోంది. ముందు ఆ దీపాల బొమ్మను తీసేసి ఉత్త ఆకాశం పెట్టాను. తర్వాత ఆయన చివరి రాత పైనున్న పడవ టైటిల్ తెరిచాను. పడవ కింద నీళ్లలో, సన్నని అక్షరాలతో ఆయనకు చెప్పాల్సింది రాద్దామనుకున్నాను. పుస్తకాల తెలుగులో ఎన్నిసార్లు రాసినా క్షమాపణ పత్రంలా ఉంది తప్ప నా మాటలా లేదు. చివరికి ఇంట్లో మాట్లాడినట్టే రాశాను.

"మాస్టారూ, కావాలని చెయ్యలే. మా కాడ పోరగాళ్లు సచ్చిపోతున్నరు, రోజు గవ్వే దీపాలు పెడుతున్న. చెయ్యికి గదే అలవాటైంది. మీరు సల్లగుండాలె."

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం మాస్టారు ఫోరంలో అందరికీ కనబడేలా రాశారు. "నా పడవ కింద నీళ్లలో ఉన్నది చదువుకున్నాను. మా అమ్మాయిని లోపలికి రానివ్వండి." నిర్వాహకులు రానిచ్చారు. రాగానే ఆయన నాకు విడిగా అడిగిన మొదటి మాట, "ఎవరికమ్మా రోజూ దీపాలు పెడుతున్నావు?" నేను అంతా రాశాను. నీలం అంగీ గురించి, భుజం మీద నేను చెరిపేసిన చెయ్యి గురించి. ఆయన జవాబిచ్చారు. "నా క్లాసులో వెనక బెంచీ పిల్లల వయసమ్మా వాళ్లది. నీ మీద నాకేం కోపం లేదు. ఉండదు కూడా. అన్నం తిన్నావా?"

తిన్నానని రాశాను, తినలేదు గానీ. ఆ వారం ఆయన రాత కోసం ఎంతో జాగ్రత్తగా ఒక టైటిల్ చేశాను. ఎక్కడా పువ్వు లేదు, దీపం లేదు, పొద్దుటి రేవు మీది లేత ఎండ తప్ప. పంపించాను. రాత వచ్చింది. పైన ఉత్త నల్లక్షరాలు. పొరపాటేమో అనుకున్నాను. మరుసటి వారం కూడా నల్లక్షరాలే. చివరికి అడిగేశాను.

"నాకేం లేదమ్మా" అని రాశారు మాస్టారు. "ఆ రోజు మా ఆవిడ నా వెనకే ఉంది. దీపాల మధ్య నన్ను చూసి కూలబడిపోయింది. అప్పటి నుంచి నీ చేతి బొమ్మ ఏది కనబడినా కంగారు పడుతోంది. దానికి తెలంగాణా ఆంధ్రా ఏమీ తెలియవు. దాన్ని వదిలి నేను ముందు పోతానేమోనన్న భయమొక్కటే తెలుసు. ఈ వయసులో దానితో వాదించలేనమ్మా."

అన్ని తిట్లు తిట్టినవాళ్ల మీద నాకు కోపం వచ్చింది, ఆ కోపమే నన్ను నిలబెట్టింది కూడా. ఈ పెద్దావిడ మీద కోపం తెచ్చుకోవడానికి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అంతే భయపడేదాన్ని. నా చేతికి నేనే భయపడిన పూటలున్నాయి. "మీరు ఆమె మాటే వినండి మాస్టారూ" అని రాశాను. ఆ మాట రాసినందుకు మాత్రం గదికి పోయి చాలా ఏడ్చాను.

ఆ తర్వాత ఫోరంలో నన్ను టైటిల్ అడిగినవాళ్లు లేరు. మాస్టారు విడిగా నాకు రాసేవి కూడా పలచబడ్డాయి. రాష్ట్రం వచ్చిన రోజు మా రోడ్డంతా గులాల్, డప్పులు. నేనూ ఎగిరాను, భాయ్ అందరికీ మిఠాయి పంచాడు. నాకు నిజంగానే సంతోషం, దాంట్లో ఏ కల్తీ లేదు. మాస్టారు ఆ రోజు ఏమీ రాయలేదు. రాస్తారేమోనని పొద్దంతా మధ్యమధ్య తెరిచి చూశాను, నేనూ ఏమీ రాయలేదు.

ఆయన లంకల కబుర్లు ఇంకా కొంతకాలం వారం వారం వచ్చాయి, నల్లక్షరాల కింద. చదవగానే నాకు బొమ్మ కనబడేది. షాపులో పని సద్దుమణిగిన మధ్యాహ్నం కూర్చుని, అక్షరాలు కొట్టి, వంచి, నీడ వేసి, ఆ వారం టైటిల్ మొత్తం చేసేదాన్ని. భాయ్ వెనక నుంచి చూసి, "బాగున్నది బేటీ, పంపియ్" అనేవాడు. పంపుతానని తలూపేదాన్ని. మూసేటప్పుడు కంప్యూటరు అడిగేది, దీన్ని దాచాలా అని. వద్దని నొక్కేదాన్ని. దాచి పెట్టుకుంటే ఎప్పుడో ఒక రోజు ఆగలేక పంపించేస్తానని నా భయం.